ర్యామ్ పెంచాక కంప్యూటర్ ఇంకా నెమ్మదించింది: కారణం దొరికేదాకా నేను చూసినవన్నీ

4 జీబీ ర్యామ్ ఉన్న ఇంటి డెస్క్‌టాప్‌కి ఇంకో 8 జీబీ కలిపితే ఎవరైనా వేగం పెరుగుతుందనే అనుకుంటారు. మా ఇంట్లో మాత్రం సిస్టమ్ ముందుకన్నా నెమ్మదించింది. కాస్త కూడా కాదు, వాడటానికి వీల్లేనంతగా. ఇలాంటి సమస్య వచ్చినప్పుడు చాలామంది కొత్త ర్యామ్‌ని తిట్టుకుంటూ తిరిగి ఇచ్చేయడమో, విండోస్ ఫార్మాట్ చేసేయడమో చేస్తారు. ఆ రెండూ చేయకుండా అసలు కారణం ఎలా దొరికిందో కొంచెం వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే నాకు కావలసిన సమాధానం ఒక్కచోట పూర్తిగా దొరకలేదు.

సిస్టమ్ పాతదే. ఏడో తరం ఐ3 ప్రాసెసర్, మదర్‌బోర్డు మీద ర్యామ్‌కి రెండే స్లాట్లు, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు, 7200 ఆర్‌పీఎం హార్డ్‌డిస్క్, 64 బిట్ విండోస్ 10. పాత ర్యామ్ డీడీఆర్4 2400, కొత్తది డీడీఆర్4 2666. బ్రౌజర్‌లో నాలుగైదు ట్యాబ్‌లు తెరిచి వీడియో కాల్ పెడితే మెమొరీ 90 శాతం దాటేది, అందుకే పెంచాలనుకున్నాం. పెట్టిన రోజు మొదటిసారి ఆన్ చేస్తే స్క్రీన్ కాసేపు నల్లగానే ఉండిపోయింది. దానికి నేను కంగారు పడలేదు, కొత్త ర్యామ్ పెట్టాక బోర్డు దాన్ని సరిచూసుకుని టైమింగ్‌లు కుదుర్చుకోవడానికి మొదటిసారి కొంత సమయం తీసుకుంటుంది. అసలు టెన్షన్ ఆ తర్వాత మొదలైంది. డెస్క్‌టాప్ వచ్చేస్తుంది, మౌస్ కదులుతుంది, కానీ దేని మీద క్లిక్ చేసినా ఏమీ జరగదు. అర నిమిషమో ఇంకా ఎక్కువో అలా బిగుసుకుపోయి, తర్వాత నొక్కినవన్నీ ఒక్కసారిగా తెరుచుకుంటాయి. కాసేపు మామూలుగా ఉంటుంది, మళ్ళీ బిగుసుకుంటుంది. మా అమ్మాయి అయితే "నాన్నా, పాత ర్యామే నయం, ఇది తీసేయ్" అని తేల్చేసింది.

ఫార్మాట్ చేయమని చెప్పినవాళ్ళే ఎక్కువ. నాకు అది ఇష్టం లేదు. ఫార్మాట్ చేస్తే సమస్య పోయినా ఎందుకు పోయిందో తెలియదు, పోకపోతే ఒక రోజంతా పోయి మళ్ళీ మొదటికే వస్తాం. పైగా అది మొదలైంది క్యాబినెట్ తెరిచిన రోజు నుంచి, విండోస్‌లో ఏదో మార్చినప్పటి నుంచి కాదు. అందుకని ఒక్కో అనుమానాన్నీ విడిగా తీసుకుని, ఒకసారికి ఒక్కటే మార్చి చూడాలని నిర్ణయించుకున్నాను.

ముందు తేలికైనవి. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, అందులో మెమొరీ తెరిస్తే మొత్తం ఎంత, ఎన్ని స్లాట్లు నిండాయి, ఏ వేగంతో నడుస్తోంది అన్నీ కనిపిస్తాయి. అక్కడే కింద హార్డ్‌వేర్ రిజర్వ్‌డ్ అని ఒక అంకె ఉంటుంది, అది కొన్ని వందల ఎంబీ దాటకపోతే ఫర్వాలేదు, గ్రాఫిక్స్ కార్డు లేని సిస్టమ్‌లో గ్రాఫిక్స్ కోసం కొంత పక్కన పెట్టుకోవడం మామూలే. అది జీబీల్లో ఉంటే మాత్రం అనుమానించాలి. అప్పుడు విండోస్ ఎలా మొదలవ్వాలో నిర్ణయించే ఎంఎస్‌కాన్ఫిగ్‌లో బూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్ళి మ్యాగ్జిమమ్ మెమొరీ అన్న గడిలో టిక్ ఉందేమో చూడాలి, ఉంటే తీసేయాలి. వేగం పెరుగుతుందని ఎవరో చెబితే దాన్ని పెట్టుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు, నిజానికి అది మెమొరీకి హద్దు పెట్టే సెట్టింగ్. 32 బిట్ విండోస్ అయితే ఎంత ర్యామ్ పెట్టినా 4 జీబీ లోపే వాడుకోగలదు. నా సిస్టమ్‌లో ఇవన్నీ సవ్యంగానే ఉన్నాయి, 12 జీబీ అందుతోంది.

తర్వాత వేగం తేడా. 2400, 2666 రెండూ కలిస్తే రెండూ 2400తోనే నడుస్తాయి, తక్కువ వేగం ఉన్నదాని లెక్కే చెల్లుతుంది. ఆ ప్రాసెసర్ ఎలాగూ 2400 వరకే ఇస్తుంది కాబట్టి నాకు పోయిందేమీ లేదు. హార్డ్‌వేర్ వివరాలు చూపే సీపీయూ-జెడ్ తెరిస్తే అందులో 1200 అని కనిపిస్తుంది, అది చూసి వేగం సగానికి పడిపోయిందని భయపడొద్దు. డీడీఆర్ అంటేనే ఒక్కో క్లాక్ టిక్కుకి రెండుసార్లు డేటా పంపడం, 1200 రెండింతలైతే 2400. డ్యూయల్ చానెల్ (రెండు ర్యామ్‌లతో ఒకేసారి రెండు దారుల్లో డేటా నడపడం) సంగతి కూడా అక్కడే తెలుస్తుంది. నాలుగూ ఎనిమిదీ సమానం కావు కదా, డ్యూయల్ చానెల్ పోయిందేమో అనుకున్నాను కానీ ఇంటెల్ బోర్డుల్లో ఇలాంటి జతకి ఒక ఏర్పాటు ఉంది, రెండు వైపుల నుంచీ నాలుగేసి జీబీ కలిపి 8 జీబీ వరకు డ్యూయల్‌గా, మిగిలిన 4 జీబీ సింగిల్‌గా నడుస్తుంది. 2400 ర్యామ్ ఒక్క చానెల్‌లో సెకనుకు 19.2 జీబీ ఇస్తే రెండు చానెళ్ళలో 38.4 ఇస్తుంది. అంటే లెక్కప్రకారం నా సిస్టమ్ ముందుకన్నా బాగుండాలి. నాలుగు స్లాట్ల బోర్డు ఉన్నవాళ్ళు మాత్రం రెండు ర్యామ్‌లూ ఒకే చానెల్ స్లాట్లలో పడ్డాయేమో బోర్డు మాన్యువల్‌లో చూసుకోండి. ఎక్కువ బోర్డుల్లో ప్రాసెసర్ వైపు నుంచి రెండోదీ నాలుగోదీ వాడమంటారు. అయినా సరే, చానెల్ తేడాతో గేమ్‌లో ఫ్రేమ్‌లు తగ్గుతాయేమో కానీ సిస్టమ్ అర నిమిషం బిగుసుకుపోదు.

మెమొరీ పెంచితే నిజంగానే నెమ్మదించిన కాలం ఒకటుంది, ఈ వెతుకులాటలోనే మళ్ళీ గుర్తొచ్చింది. 1997లో వచ్చిన ఇంటెల్ 430టీఎక్స్ చిప్‌సెట్ మొదటి 64 ఎంబీని మాత్రమే క్యాష్ చేసేది, అంటే తరచూ వాడే డేటాని వేగమైన చిన్న మెమొరీలో దగ్గర పెట్టుకునేది. అంతకన్నా ఎక్కువ పెడితే ఆ పై భాగానికి క్యాష్ దక్కేది కాదు, విండోస్ 95 చూస్తే మెమొరీని పై నుంచి వాడుకుంటూ వచ్చేది, దాంతో ఎప్పుడూ వాడే భాగమే క్యాష్ లేని చోట పడేది. చాలా ఏళ్ళ తర్వాత 4 జీబీ, 8 జీబీ పెట్టిన కొన్ని బోర్డుల్లో కూడా ఇలాంటిదే వచ్చింది, బయోస్ (సిస్టమ్‌ని మొదట లేపే, బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) కొంత మెమొరీని క్యాష్ చేయదగినదిగా గుర్తు పెట్టకపోవడం వల్ల సిస్టమ్ నత్తనడక నడిచేది, బయోస్ అప్‌డేట్‌తో సరిపోయేది. అందుకే నేనూ బయోస్ వెర్షన్ చూశాను. డీడీఆర్4 కాలం బోర్డులో దీనికి అవకాశం చాలా తక్కువ, పైగా అదే కారణమైతే సిస్టమ్ అన్నివేళలా ఒకేలా నెమ్మదిగా ఉండాలి. నాది ఆగి ఆగి బిగుసుకుంటోంది. ఈ తేడాని నేను అప్పుడే కాగితం మీద రాసి పెట్టుకున్నాను, చివరికి దారి చూపించింది అదే.

ర్యామ్‌లోనే లోపం ఉందేమో తేల్చుకోవడానికి ముందు విండోస్‌లో ఉండే మెమొరీ డయాగ్నస్టిక్ నడిపాను. ఫలితం చూడకుండానే స్క్రీన్ మాయమైందని చాలామంది అంటారు, అది విండోస్ జరిగినవన్నీ రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్‌లో మెమొరీ డయాగ్నస్టిక్స్ రిజల్ట్స్ అన్న పేరుతో ఉంటుంది. ఆ తర్వాత పెన్‌డ్రైవ్ నుంచి మెమ్‌టెస్ట్86 ప్లస్ రాత్రంతా నడవనిచ్చాను. ఇందులో ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ ర్యామ్‌ని నమ్మకూడదు, "ఒకటే కదా" అని వదిలేసే విషయం కాదు. పొద్దున చూస్తే ఒక్కటి కూడా లేదు. అదీగాక ర్యామ్ చెడితే సాధారణంగా నెమ్మదించడం కాదు, నీలి స్క్రీన్లు, ప్రోగ్రామ్‌లు వాటంతట అవే మూసుకుపోవడం, కాపీ చేసిన ఫైళ్ళు పాడైపోవడం కనిపిస్తాయి. నాకు అవేవీ లేవు.

ఇక అమ్మాయి చెప్పిన పని చేశాను. కొత్త ర్యామ్ తీసి, పాతది ఒక్కటే పెట్టి ఆన్ చేశాను. ఇంకా ఘోరంగా ఉంది! ముందు ఎన్నో ఏళ్ళు అదే 4 జీబీతో మామూలుగా నడిచిన సిస్టమ్, ఇప్పుడు అదే 4 జీబీతో లాగిన్ స్క్రీన్ దాటడానికే ఆపసోపాలు పడుతోంది. మొదట ఏమీ అర్థం కాలేదు కానీ ఆలోచిస్తే ఇదే అన్నిటికన్నా విలువైన పరీక్ష. కొత్త ర్యామ్ తీసేసినా సమస్య ఉందంటే అది ర్యామ్‌లో లేదు. ర్యామ్ తగ్గగానే ఇంకా పెరిగిందంటే, ర్యామ్ చాలనప్పుడు విండోస్ దేని మీద ఆధారపడుతుందో అందులో ఉంది. ర్యామ్ చాలకపోతే విండోస్ పేజ్‌ఫైల్ వాడుతుంది, పేజ్‌ఫైల్ ఉండేది హార్డ్‌డిస్క్‌లో. ఎవరికైనా ఇలా అయితే ముందు చేయాల్సింది ఈ పరీక్షే అని నా గట్టి అభిప్రాయం. పావుగంట పని, రాత్రంతా నడిచే మెమ్‌టెస్ట్ కన్నా ఎక్కువ చెబుతుంది.

డిస్క్ వైపు తిరిగాక మొదట దొరికింది అసలు దొంగ కాదు, కానీ వాడూ కాస్త చెయ్యి వేశాడు. సీ డ్రైవ్ ఎర్రగా కనిపిస్తోంది, దాదాపు నిండిపోయింది. ఆ పార్టిషన్ మొదటి నుంచీ చిన్నదే, కానీ ర్యామ్ పెంచే ముందు కొంత ఖాళీ ఉండేది. దాచిన ఫైళ్ళు చూపించమని పెట్టి చూస్తే హైబర్‌ఫిల్ అనే ఫైలు పెరిగింది. హైబర్నేషన్ (తెరిచిన పనులన్నీ డిస్క్‌లో దాచి కంప్యూటర్ ఆపేయడం), ఫాస్ట్ స్టార్టప్ కోసం విండోస్ 10 ఈ ఫైలుని మామూలుగా ర్యామ్‌లో 40 శాతం పరిమాణంలో పెట్టుకుంటుంది. 4 జీబీకి 1.6 జీబీ సరిపోతే 12 జీబీకి 4.8 జీబీ కావాలి. ర్యామ్ పెంచితే డిస్క్‌లో ఖాళీ తగ్గుతుందని నాతో ఎవరూ ఎప్పుడూ అనలేదు. హైబర్నేట్ మేము వాడం, కాబట్టి అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ కమాండ్‌తో దాన్ని రెడ్యూస్‌డ్ రకానికి మార్చాను. అప్పుడది 20 శాతమే తీసుకుంటుంది, ఫాస్ట్ స్టార్టప్ మాత్రం పనిచేస్తుంది. తాత్కాలిక ఫైళ్ళు కూడా తీసేశాక డ్రైవ్‌కి కాస్త ఊపిరి ఆడింది. బిగుసుకోవడం మాత్రం పోలేదు.

ఇక్కడ ఫాస్ట్ స్టార్టప్ గురించి ఒక మాట. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసి మళ్ళీ ఆన్ చేయడం పూర్తి రీబూట్ కాదు, విండోస్ మూలభాగమైన కెర్నల్‌ని డిస్క్‌లో దాచి మళ్ళీ తెచ్చుకుంటుంది. ఏ మార్పు చేసినా దాని ఫలితం చూడాలంటే రీస్టార్ట్ నొక్కాలి.

టాస్క్ మేనేజర్‌లో డిస్క్ పేజీ తెరిచి, సిస్టమ్ బిగుసుకునేదాకా ఓపిగ్గా కూర్చున్నాను. బిగుసుకున్న క్షణంలో యాక్టివ్ టైమ్ 100 శాతం, చదవడం రాయడం రెండూ సున్నా దగ్గర, యావరేజ్ రెస్పాన్స్ టైమ్ వేల మిల్లీసెకన్లు. దీన్ని సరిగ్గా చదవడం ముఖ్యం. హార్డ్‌డిస్క్ 100 శాతంలో ఉండి వేగం తక్కువ కనిపించినంత మాత్రాన డిస్క్ చెడినట్టు కాదు. 7200 ఆర్‌పీఎం అంటే ఒక్క చుట్టుకి 8.3 మిల్లీసెకన్లు, హెడ్ అటూ ఇటూ కదలడానికి ఇంకో ఎనిమిదో తొమ్మిదో, కాబట్టి చెల్లాచెదురుగా ఉన్న చిన్న చిన్న ఫైళ్ళు చదవాల్సి వస్తే మంచి డిస్క్ కూడా సెకనుకు వంద లోపే అందుకోగలదు, అప్పుడు వేగం కొన్ని వందల కేబీలే చూపిస్తుంది. కానీ అలాంటప్పుడు రెస్పాన్స్ టైమ్ పదుల్లోనో, బాగా రద్దీగా ఉంటే వందల్లోనో ఉంటుంది. వేలల్లో ఉండి, ఆ సమయంలో ఒక్క కేబీ కూడా కదలకపోతే డిస్క్ పనిచేస్తూ నెమ్మదించడం కాదు, మధ్యలో ఎక్కడో మాట ఆగిపోతోంది.

ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరిస్తే ఆ సమయాలకి సరిగ్గా సరిపోయేలా ఎంట్రీలు వరుసగా ఉన్నాయి. ఈవెంట్ 129, రైడ్‌పోర్ట్0కి రీసెట్ ఇచ్చాం అని. నా దగ్గర రైడ్ (చాలా డిస్క్‌లు కలిపి వాడే ఏర్పాటు) ఏమీ లేదు, విండోస్ ఆ పేరు హార్డ్‌డిస్క్‌ని బోర్డుకి కలిపే మామూలు సాటా కంట్రోలర్‌కి కూడా వాడుతుంది. దాని పక్కనే ఈవెంట్ 153, ఫలానా చోట చదవడమో రాయడమో మళ్ళీ ప్రయత్నించాల్సి వచ్చింది అని. అంటే డిస్క్ జవాబివ్వడం లేదు, విండోస్ కాసేపు ఎదురుచూసి రీసెట్ చేసి మళ్ళీ అడుగుతోంది, ఆ ఎదురుచూపే మాకు కనిపిస్తున్న బిగుసుకుపోవడం. ఎంట్రీలు మొదలైన తేదీ ర్యామ్ పెట్టిన రోజే.

డిస్క్ చావుబతుకుల్లో ఉందేమో అన్న భయంతో ముందు ఫొటోలు, కాగితాల స్కాన్‌లు అన్నీ బయటి డ్రైవ్‌లోకి కాపీ చేశాను. దయచేసి ఈ దశలో ఇది వాయిదా వేయకండి, మిగతా పరీక్షలన్నీ దీని తర్వాతే. ఆ తర్వాత క్రిస్టల్‌డిస్క్ఇన్ఫోలో స్మార్ట్ వివరాలు, అంటే డిస్క్ తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే లెక్కలు, చూశాను. 05, అంటే చెడిపోయి పక్కన పెట్టిన సెక్టార్లు, సున్నా. సీ5, అంటే చదవలేక అనుమానంలో ఉంచినవి, అదీ సున్నా. సీ7 దగ్గర మాత్రం పెద్ద అంకె. ఆ సాఫ్ట్‌వేర్ అంకెల్ని మామూలుగా హెక్సాడెసిమల్‌లో చూపిస్తుంది, ఫంక్షన్ మెనూలో రా వాల్యూస్‌ని డెసిమల్‌కి మార్చుకుంటే చదవడం తేలిక.

సీ7 అంటే అల్ట్రా డీఎంఏ సీఆర్‌సీ ఎర్రర్ కౌంట్. డిస్క్‌కీ బోర్డుకీ మధ్య వెళ్ళే ప్రతి మూటకీ ఒక సరిచూపు సంఖ్య జతచేస్తారు, అందుకున్నవైపు లెక్క వేసి చూస్తే సరిపోకపోతే మళ్ళీ పంపమంటుంది. ఫోన్‌లో సరిగా వినపడక "ఏంటీ, మళ్ళీ చెప్పు" అని అడుగుతుంటే రెండు నిమిషాల మాట పది నిమిషాలైనట్టు. డేటా పాడవదు, అందుకే ఏ ఫైలూ చెడలేదు, కానీ సమయం పోతుంది. 05, సీ5 సున్నాగా ఉండి సీ7 ఒక్కటే పెరుగుతుంటే డిస్క్ లోపల తిరిగే పళ్ళేల కన్నా ముందు కేబుల్‌ని అనుమానించాలి. నేను ఆ అంకె రాసుకుని, ఒక పెద్ద ఫోల్డర్ కాపీ చేసి మళ్ళీ చూస్తే అది పెరిగి ఉంది.

క్యాబినెట్ తెరిచి చూస్తే సంగతి కళ్ళ ముందే ఉంది. ఈ బోర్డులో ర్యామ్ స్లాట్లకీ సాటా పోర్టులకీ మధ్య దూరం తక్కువ, డిస్క్ నుంచి వచ్చే కేబుల్ ర్యామ్ స్లాట్ చివర మీదుగా వంగి వస్తుంది. ర్యామ్ పెట్టాలంటే ఆ కేబుల్ని పక్కకి జరపక తప్పదు. పాత కేబుల్, చివర లోహపు క్లిప్ లేని రకం, ఇన్నేళ్ళు ఒకే వంపులో ఉండి బిరుసెక్కింది. చూడటానికి పోర్టులోనే ఉంది, వేలితో కదిపితే మాత్రం అటూ ఇటూ ఊగుతోంది. సాటా డేటా కేబుల్‌లో ఉన్నవి ఏడే కాంటాక్టులు, అందులో మూడు గ్రౌండ్, మిగతా నాలుగు రెండు జతలుగా సెకనుకు 6 గిగాబిట్ల వరకు మోస్తాయి. ఆ వేగంలో ఒక్క జత సరిగా ఆనకపోయినా సరిచూపు తప్పుతుంది. పూర్తిగా ఊడిపోయి ఉంటే డిస్క్ కనిపించదు, పది నిమిషాల్లో విషయం తేలిపోయేది. సగం ఆని ఉండటం వల్లే ఇంత తిప్పలు పెట్టింది.

క్లిప్ ఉన్న కొత్త కేబుల్ తెచ్చి, రెండు చివరలా టక్కుమని చప్పుడు వచ్చేదాకా నొక్కి, బోర్డు వైపు పోర్టు కూడా మార్చాను. కేబుల్ ర్యామ్ మీదుగా కాకుండా చుట్టూ తిప్పి కట్టాను. ఎనిమిది జీబీ తిరిగి పెట్టి రీస్టార్ట్ చేశాను. అదే పెద్ద ఫోల్డర్ మళ్ళీ కాపీ చేస్తే సీ7 అంకె అక్కడే ఉంది. ఈ అంకె ఎప్పటికీ సున్నాకి రాదు, డిస్క్ జీవితాంతం లెక్కగా ఉండిపోతుంది, కాబట్టి కొత్త కేబుల్ పెట్టాక కూడా పెద్ద అంకె కనిపిస్తోందని నిరుత్సాహపడకండి, ఆగిందా లేదా అన్నదే చూడాలి. ఈవెంట్ 129, 153 ఆ రోజు తర్వాత మళ్ళీ రాలేదు.

పెంచిన ర్యామ్ ఏం చేసిందో అప్పుడు తెలిసింది. రిసోర్స్ మానిటర్‌లో హార్డ్ ఫాల్ట్స్ అని ఉంటుంది, విండోస్‌కి కావలసిన పేజీ (మెమొరీ ముక్క) ర్యామ్‌లో లేక డిస్క్ దాకా వెళ్ళాల్సి వచ్చిన సందర్భాలు. 4 జీబీతో ట్యాబ్ మార్చినప్పుడల్లా ఎగిసిపడే ఆ గీత ఇప్పుడు ప్రోగ్రామ్ మొదట తెరిచేటప్పుడు తప్ప అడుగునే ఉంటోంది. వీడియో కాల్ నడుస్తుండగా బ్రౌజర్ తెరిచినా మెమొరీ సగం దాటడం లేదు. బూట్ సమయం మాత్రం పాత రోజుల్లో ఉన్నంతే ఉంది, అది హార్డ్‌డిస్క్ చేతిలో ఉన్న పని, ఎంత ర్యామ్ పెట్టినా తగ్గదు, ఎస్ఎస్‌డీ వేస్తేనే తగ్గుతుంది.

ల్యాప్‌టాప్ ఉన్నవాళ్ళకి, ఎం.2 ఎస్ఎస్‌డీ మాత్రమే ఉన్నవాళ్ళకి ఈ కేబుల్ గొడవ ఉండదు. అలాంటప్పుడు నేనైతే టాస్క్ మేనేజర్‌లో సీపీయూ వేగం ముందు చూస్తాను. పని ఇచ్చినా 0.8 గిగాహెర్ట్జ్ దగ్గరే కదలకుండా ఉంటే, మూత తెరిచినప్పుడు బ్యాటరీ కనెక్టర్ సరిగా కూర్చోలేదేమో, ఛార్జర్‌ని ల్యాప్‌టాప్ గుర్తించడం లేదేమో చూడాలి. డెస్క్‌టాప్‌లో ఏదైనా వైరు సీపీయూ ఫ్యాన్ రెక్కలకి తగిలి అది తిరగకపోతే కూడా ప్రాసెసర్ వేడెక్కి తనే వేగం తగ్గించుకుంటుంది. నేను ఉష్ణోగ్రత చూశాను, బాగానే ఉంది కాబట్టి దాని జోలికి వెళ్ళలేదు. మీ సిస్టమ్‌లో డిస్క్ రెస్పాన్స్ టైమ్ మామూలుగా ఉండి ప్రాసెసర్ 90 డిగ్రీలు దాటుతుంటే మీరు వెతకాల్సింది అక్కడే.